ఇరవై నాలుగు మబ్బులు

"పెన్ను అడిగి తీసుకోవాలి. మా క్లాసులో అది రూల్."

ఆమె నాతో అన్న మొదటి మాట ఇదే. అప్పటికే నేను నాలుగో తరగతి పాప చేతిలోంచి డిజిటల్ పెన్ను లాగేసుకుని, "అలా కాదమ్మా, ఇలా" అంటూ సగం మబ్బు గీసేశాను. బయట వాన దంచుతోంది. నా చొక్కా చేతుల్లోంచి నీళ్ళు కారి టేబుల్ మీద పడుతున్నాయి. ఆమె ముందు ఆ నీళ్ళు తుడిచింది, తర్వాత తలెత్తి నన్ను చూసింది. ఆ వరస నాకేం నచ్చలేదు.

"నేను హెడ్ మేడమ్ గారి మరిదినండీ. డిజైనర్‌ని. మీకు హెల్ప్ చేయమని వదిన పంపింది," అన్నాను.

"తెలుసు. నాలుగింటికి రమ్మన్నాం. ఇప్పుడు మూడున్నర."

"ముందే వచ్చానుగా!"

"అదే చెప్తున్నాను."

పాప కిసుక్కున నవ్వింది. నేను పెన్ను తిరిగిచ్చేశాను.

నా సంగతి కాస్త చెప్పుకోవాలి. ఇంట్లో నన్ను ఎక్స్‌ప్రెస్ అంటారు. మా అన్నయ్య పెట్టిన పేరు. బిస్కెట్ ప్యాకెట్ల మీదా, సబ్బు పెట్టెల మీదా బొమ్మలు వేసే ఆఫీసులో పనిచేస్తాను. పది నిమిషాలు ఒకచోట కూర్చుంటే నా కాలు దానంతటదే ఊగడం మొదలెడుతుంది. ఎదుటివాళ్ళు మాట పూర్తి చేసేలోగా జవాబు చెప్పేస్తాను, చాలాసార్లు తప్పు జవాబు.

ఆమెని పిల్లలు కామా టీచర్ అంటారు. ఏం మాట్లాడాలన్నా ముందు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో నేను మూడు వాక్యాలు మాట్లాడగలను.

విషయం ఏమిటంటే, ఆ తరగతి పిల్లలు ఇరవై నాలుగు మంది కలిసి ఒక కథ రాశారు. దారి తప్పిన మబ్బు ఒకటి స్కూల్లోకి వచ్చి, స్టాఫ్ రూమ్ బీరువాలో దాక్కుంటుంది. దాన్ని నిజం పుస్తకంలా అచ్చు వేయించాలి. బొమ్మలు కూడా పిల్లలే వేయాలి, తలా ఒక పేజీ. కిందటేడు కాగితం మీద వేయించి స్కాన్ చేస్తే పెన్సిల్ గీతలు సగం అచ్చులో మాయమైపోయాయట. అందుకని ఈసారి డిజిటల్ అనుకున్నారు. ఏ పరికరం కొనాలో తేల్చుకోమని షాపువాళ్ళు ట్రయల్‌కి రకానికి నాలుగేసి ఇచ్చారు, పుస్తకం అయ్యాక వద్దన్నవి తిరిగిచ్చేయొచ్చు.

టేబుల్ మీద మూడు రకాలు వరసగా పెట్టి ఉన్నాయి. ఒకటి నల్ల పలక. దాని మీద గీస్తే బొమ్మ ఎదురుగా కంప్యూటర్‌లో కనపడుతుంది. రెండోది స్క్రీన్ ఉన్న పలక. గీసినచోటే బొమ్మ కనపడుతుంది. మూడోది స్కూల్లో ఎప్పటినుంచో ఉన్న పాత ట్యాబ్, రబ్బరు మొన ఉన్న పెన్ను. రెండో దాన్ని చూపించి, "ఇది తీసుకోండి. అయిపోయింది. ఇక నేను వెళ్ళొచ్చా?" అన్నాను.

ఆమె ఆగింది. "ఎందుకు?"

"ఎందుకేమిటండీ? నల్ల పలక మీద చేయి ఒకచోట, కళ్ళు ఇంకోచోట. పిల్లలకి కుదరదు. ఆ పాత ట్యాబ్ మీద అరచెయ్యి ఆనినా గీత పడుతుంది. స్క్రీన్ పలకే బెస్ట్."

"మీకా, పిల్లలకా?"

"ఎవరికైనా!"

"పది రోజులు పిల్లలు మూడిటి మీదా వేస్తారు. వాళ్ళే చెప్తారు," అని ఆమె ఒక నోట్‌బుక్ తెరిచింది. గళ్ళు గీసి ఉంది. చేయి నొప్పి పుట్టిందా? బొమ్మ తను అనుకున్నట్టు వచ్చిందా? అన్‌డూ ఎన్నిసార్లు నొక్కారు?

"అన్‌డూ కూడా లెక్కపెడతారా?"

"చెరపడమే పనైతే గీసేదెప్పుడు? మీరు ఇందాక ఆ సగం మబ్బుకే తొమ్మిదిసార్లు నొక్కారు."

నాకు ఒళ్ళు మండింది. ఇంటికి వెళ్ళి వదినతో, "ఆవిడతో నా వల్ల కాదు," అని చెప్పేశాను. మర్నాడు నాలుగు కాకముందే మళ్ళీ కంప్యూటర్ రూమ్ గుమ్మంలో ఉన్నాను. ఎందుకు వెళ్ళానో అడక్కండి. ఆఫీసులో ఆ పూట పనేం లేదని నాకు నేనే చెప్పుకున్నాను. పని బోలెడు ఉంది.

అలా రోజూ వెళ్ళాను. బొమ్మని పొరలు పొరలుగా వేసే లేయర్లంటే ఏమిటో పిల్లలకి చెప్పాను, అచ్చు కోసం బొమ్మ సైజు ఎంత పెద్దగా పెట్టాలో ఆమెకి చెప్పాను. చెప్తూ చెప్తూ దొంగచాటుగా ఆమెనే చూసేవాణ్ణి. ఎవరైనా బొమ్మ వేస్తుంటే ఆమె పక్కన స్టూల్ వేసుకుని, నోరు మెదపకుండా పది నిమిషాలు చూసేది. ప్రపంచంలో ఆ పిల్ల కంటే ముఖ్యమైన పని ఇంకెవరూ చేయట్లేదన్నట్టు చూసేది. నేను జీవితంలో దేన్నీ అంతసేపు చూడలేదు, ఆమెని తప్ప.

"ఏంటండీ?" అంది ఒకరోజు, తల తిప్పకుండానే.

"ఏం లేదండీ. కిటికీ చూస్తున్నా. వాన."

"కిటికీ అటు పక్కన ఉంది."

పిల్లలు ఇరవై నాలుగు మందీ గొల్లున నవ్వారు.

ఇక నేను చేసిన నిర్వాకం.

మూడో రోజు బూరె బుగ్గల పాప ఒకతి స్క్రీన్ పలక మీద మబ్బు గీస్తూ, పెన్ను పక్కన పడేసి ఏడుపు లంకించుకుంది. "నా గీత వణుకుతోంది. నా మబ్బు బంగాళదుంపలా వచ్చింది!" కామా టీచర్ అప్పుడే అటెండెన్స్ రిజిస్టర్ ఇవ్వడానికి ఆఫీసు రూముకి వెళ్ళింది. అంతకుముందే ఆమె నోట్‌బుక్‌లోకి తొంగి చూశాను. స్క్రీన్ పలక వెనకబడి ఉంది. నేను వద్దన్న నల్ల పలక ముందుంది.

బొమ్మలు వేసే యాప్‌లో ఒక మూల స్టెబిలైజర్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. చేయి వణికినా గీత వణకకుండా సాపు చేస్తుంది. సున్నా నుంచి వంద దాకా జరపొచ్చు. ఆఫీసులో నేను డెబ్బై మీద పెట్టుకుంటాను. బిస్కెట్ ప్యాకెట్ మీద గీత వణికితే మా బాస్ ఊరుకోడు మరి. నేను నాలుగు స్క్రీన్ పలకల్లోనూ దాన్ని వందకి జరిపేశాను. మిగతా రెండు రకాలనీ ముట్టుకోలేదు.

పాప మళ్ళీ గీసింది. మబ్బు గుండ్రంగా, అందంగా వచ్చింది. ఏడుపు ఆగిపోయింది. పాప కన్నీళ్ళు చూడలేక చేశానని ఆ పూటంతా అనుకున్నాను. నిజం చెప్పాలంటే కన్నీళ్ళు పావు వంతు, నా పంతం ముప్పావు వంతు.

పదో రోజు నోట్‌బుక్ చూసి ఆమె, "మీరే కరెక్ట్. స్క్రీన్ పలకే గెలిచింది," అంది. ఈసారి మాటకి ముందు ఆగలేదు. నవ్వింది కూడా. ఆ నవ్వు కోసం నేను ఇంకో నాలుగు సెట్టింగులు మార్చి ఉండేవాణ్ణి.

"చెప్పానుగా!" అన్నాను. కానీ లోపల తేలు కుట్టిన దొంగలా ఉంది. ఇవాళ తగ్గిద్దాం, రేపు తగ్గిద్దాం అనుకుంటూనే ఉన్నాను. ఈలోగా పిల్లలు అసలు పేజీలు వేయడం మొదలెట్టేశారు. సగం పేజీలు అయ్యాక మారిస్తే తెలిసిపోతుందని భయం, మొత్తం అయిపోయాక ఇక చెప్పడం దేనికిలే అని బద్ధకం.

పుస్తకం తెరవగానే రెండు పేజీల నిండా ఆకాశం ఉండాలని ఆమె ఆలోచన. అందులో తలా ఒక మబ్బు, మొత్తం ఇరవై నాలుగు. వాటన్నిటినీ ఒకచోట పేర్చే పని నాకిచ్చింది. ఆఫీసులో కూర్చుని పేర్చాను. ఒకదాని పక్కన ఒకటి, అన్నీ ఎంత నున్నగా, ఎంత పొందికగా ఉన్నాయో! నాకు ముచ్చటేసింది. ప్యాకెట్లకి అలవాటుపడిన కళ్ళు కదా, అక్కడేదో పోయిందని వాటికి తట్టనే లేదు.

గురువారం ప్రెస్ నుంచి ప్రూఫ్, అంటే నమూనా అచ్చు, వచ్చింది. సోమవారం పొద్దున్నకల్లా ఫైనల్ ఫైళ్ళు ఇచ్చేయాలి, లేకపోతే ఆ ప్రెస్‌లో మళ్ళీ మూడు నెలల దాకా ఖాళీ లేదు. అప్పటికి ఈ పిల్లలు ఐదో తరగతికని వేరే స్కూలుకి వెళ్ళిపోతారు. ఆమె ప్రూఫ్‌లో ఆకాశం ఉన్న కాగితాన్ని నేల మీద పరిచింది. పిల్లలంతా చుట్టూ మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"ఎవరి మబ్బు మీద వాళ్ళు వేలు పెట్టండి," అంది ఉత్సాహంగా.

వేళ్ళు గాల్లో ఆగిపోయాయి. ఒక మబ్బు మీద ముగ్గురు వేళ్ళు పెట్టారు. "నాది!" "కాదు, నాది!" ఇంకో మబ్బు మీద ఎవరూ పెట్టలేదు. బూరె బుగ్గల పాప కాగితం చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"టీచర్, నాది లేదు."

"ఉందమ్మా, ఇక్కడే ఉంటుంది. వెతుకు."

"లేదు టీచర్. నాది బంగాళదుంపలా ఉంటుంది కదా. ఇందులో బంగాళదుంప లేదు."

ఈసారి పాప ఏడవలేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. తను వేసిన బొమ్మ తనది కాదని పాప అప్పటికే ఒప్పేసుకుంది.

కామా టీచర్ మిగతా పేజీలు ఒక్కొక్కటీ తిప్పి చూసింది. మబ్బులే కాదు, మనుషులు, కుర్చీలు, బీరువా, అన్నీ ఒకే చేత్తో గీసినట్టున్నాయి. ఆమె ముఖం తెల్లబోయింది. పిల్లల్ని ఆడుకోమని పంపించేసి, ప్రూఫ్ చుట్టుకుని నేరుగా మా వదిన గదికి నడిచింది. నేను కాలుగాలిన పిల్లిలా ఆమె వెనకే వెళ్ళాను.

"మేడమ్, పుస్తకం ఆపేద్దామండీ," అంది ఆమె. "తప్పు నాదే. నేనే తప్పు పరికరం ఎంచుకున్నాను. పది రోజులు పరీక్ష పెట్టానన్న మాటే గానీ, పిల్లల గీత ఎక్కడ పోతోందో కనిపెట్టలేకపోయాను."

వదిన ప్రూఫ్ చూసింది. "చక్కగానే ఉన్నాయి కదమ్మా."

"చక్కగా ఉన్నాయండీ. కానీ పిల్లలవి కావు. వీటి కింద వాళ్ళ పేర్లు ఎలా వేయను?"

వదిన నిట్టూర్చింది. "సరే. ప్రెస్‌కి ఫోన్ చేస్తాను. ఈ ఏడాదికి వదిలేద్దాం. మిషన్లు పిల్లలకి పడవేమోలే. నువ్వేం మనసులో పెట్టుకోకు."

ఆమె తల వంచుకుని నిలబడింది. నేను నోరు మూసుకుంటే చాలు, కథ అక్కడితో అయిపోతుంది. మిషన్ తప్పు. ఆమె తప్పు. నన్ను వేలెత్తి చూపేవాళ్ళే లేరు. పైగా ఓదార్చే వంకతో ఆమెని టీకి కూడా పిలవొచ్చు. ఆ ఆలోచన కూడా వచ్చింది నాకు, దాచడం దేనికి? వదిన ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"వదినా, ఫోన్ పెట్టెయ్."

"ఏంటయ్యా?"

"మిషన్ తప్పు కాదు. ఆవిడ తప్పూ కాదు. నేనే." ఇక ఆగలేదు. స్టెబిలైజర్, వంద, నాలుగు పలకలు, నోట్‌బుక్‌లోకి తొంగి చూడడం, అన్నీ కక్కేశాను. "నేను చెప్పిందే గెలవాలని చేశాను. పాప ఏడ్చిందని కూడా చేశాను, కానీ అది సాకు."

వదిన నన్ను చూసిన చూపు మా అన్నయ్య మీద కూడా ఎప్పుడూ పడి ఉండదు. కామా టీచర్ చాలాసేపు ఆగింది.

"పది రోజులు," అంది చివరికి. "పది రోజులు నేను రాసుకున్న ప్రతి గీతా అబద్ధమేనా?"

"సారీ అండీ. నేను ఇప్పుడే అన్నీ మళ్ళీ..."

"మీరు ఏదీ ముట్టుకోకండి."

అంతే. ప్రూఫ్ అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

శని, ఆదివారాలు పిల్లల్ని స్కూలుకి రప్పించారు. నాలుగు పలకలు, వంతులవారీగా నలుగురేసి పిల్లలు. మొత్తం మళ్ళీ మొదటినుంచి. నేనూ వెళ్ళాను. ఆమె గుమ్మంలోనే ఆపేసింది.

"బయట బెంచీ మీద ఉండండి. ఫైల్ సేవ్ కాకపోతే పిలుస్తాను."

రెండు రోజులు ఆ బెంచీ మీదే కూర్చున్నాను. ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది. లేచి వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేవాణ్ణి, మళ్ళీ కూర్చునేవాణ్ణి. లోపల్నుంచి పిల్లల నవ్వులు, "టీచర్, నా మబ్బుకి కాళ్ళొచ్చాయి!" అని కేకలు. ఆమె నన్ను మొత్తం నాలుగుసార్లు పిలిచింది. నాలుగుసార్లూ చేతులు వెనక్కి కట్టుకుని వెళ్ళి, ఏ బటన్ నొక్కాలో నోటితో చెప్పి, తిరిగి వచ్చేశాను.

ఆదివారం సాయంత్రం ఆమె బయటికి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"శుక్రవారం మళ్ళీ పరీక్ష పెట్టాను. సెట్టింగ్ సున్నా మీద. మూడు రకాలూ."

"ఏది గెలిచింది?"

"స్క్రీన్ పలకే. మొదట్లో చేయి కుదరక వెనకబడిందంతే. మీరు ముట్టుకోకపోయినా అదే గెలిచేది."

నాకు తల కొట్టేసినట్టయింది. అన్నయ్య నెత్తిన మొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. సోమవారం పొద్దున్న ఫైళ్ళు ప్రెస్‌కి చేరాయి.

ఆ తర్వాత పద్దెనిమిది రోజులు. ఫోన్ లేదు, మెసేజ్ లేదు. నేను పెట్టిన సారీలకి రెండు నీలం టిక్కులు తప్ప ఏమీ రాలేదు. ఆఫీసులో సబ్బు పెట్టె మీద నురగ గీయమంటే మబ్బులు గీసి తిట్లు తిన్నాను. అన్నం సయించట్లేదు. ఇంట్లో ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతుంటే వదిన, "ఏమయ్యా, నేల అరిగిపోతోంది, కాస్త కూర్చో," అంది.

"ఆవిడ ఎలా ఉంది వదినా?"

"ఎవరు?"

"వదినా..."

"బానే ఉంది. నీ గురించి అడగలేదు." తర్వాత కాస్త జాలిపడి, "తిట్టనూ లేదు," అంది.

పుస్తకాలు వచ్చిన రోజు వదినే పిలిచింది, కట్టలు మోయడానికి. మేడ మెట్లు ఎక్కి తరగతి గదిలో దించాను. పిల్లలు కట్ట విప్పి మొదటి రెండు పేజీలు తెరిచారు. పంటి ఆకారంలో ఒక మబ్బు, చెప్పులా ఒకటి, కాళ్ళున్నది ఒకటి. ఎవరూ చెప్పకుండానే ఎవరి వేళ్ళు వాళ్ళ మబ్బుల మీదికి వెళ్ళిపోయాయి. బూరె బుగ్గల పాప పుస్తకం ఎత్తి నాకు చూపించింది. "అంకుల్, ఇదిగో నా బంగాళదుంప!" నా కళ్ళు చెమర్చాయి. చెమట అన్నట్టు తుడుచుకున్నాను.

కంప్యూటర్ రూమ్‌లో కామా టీచర్ మిగతా పరికరాలు షాపుకి తిరిగిచ్చేయడానికి పెట్టెల్లో సర్దుతోంది. గుమ్మంలో నిలబడ్డాను.

"లోపలికి రావచ్చా?"

"రండి."

"మీకొకటి చెప్పాలి."

"చెప్పండి."

ఊపిరి పీల్చుకుని మొదలెట్టాను. ఎక్కడా ఆగలేదు. తప్పు చేశాననీ, ఆమె నవ్వు కోసం ఇంకా పెద్ద తప్పులు చేసేవాణ్ణనీ, ఇకమీదట చేయననీ, ఆమె పిల్లల పక్కన కూర్చుని చూసే చూపు మనసులోంచి పోవట్లేదనీ, ఆమె అంటే నాకు ప్రాణమనీ. అన్నీ ఒకే వాక్యంలో.

ఆమె చేతిలో పెట్టె అలాగే ఉంది. "సగమే అర్థమైంది."

"ఏ సగం?"

"చివరి సగం."

"అదే ముఖ్యమైందండీ."

ఆమె ఆగింది. అంతకుముందు ఎప్పుడూ అంతసేపు ఆగలేదు. నేను మధ్యలో ఒక్క మాట కూడా దూర్చలేదు. కావాలంటే ఆమెనే అడగండి.

"నాకు మీ మీద చాలా కోపం వచ్చింది," అంది. "తగ్గిందనుకుంటే మళ్ళీ వచ్చేది. మీ మెసేజ్ చూసినప్పుడల్లా వచ్చేది. కానీ ఆ రోజు మీరు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. అది మీకూ తెలుసు. తెలిసే చెప్పారు." పెట్టె కింద పెట్టింది. "ఈ ఆదివారం మీ వదిన గారిని తీసుకుని మా ఇంటికి రండి. మా అమ్మకి మీ గురించి చెప్పాను."

"ఏం చెప్పారు?"

"స్టెబిలైజర్ సంగతి."

"అయ్యో! అదెందుకండీ చెప్పారు? ముందు ఏవైనా రెండు మంచి మాటలు చెప్పి, తర్వాత మెల్లగా..."

"లేదు. అదే ముందు చెప్పాను. నన్ను మోసం చేశాడన్నాను. ఎవరూ అడక్కుండానే ఒప్పుకున్నాడన్నాను. రెండు రోజులు బయట బెంచీ మీద కూర్చున్నాడన్నాను."

"దానికి ఆవిడ ఏమన్నారు?"

ఆమె పెదవులు బిగబట్టింది గానీ నవ్వు ఆగలేదు.

"అంతా విని, భోజనానికి ఉంటాడా అని అడిగింది."

నేను పక్కనున్న స్టూల్ మీద కూర్చుండిపోయాను.

"ఉంటానని చెప్పండి," అన్నాను.